గేజి మారినా సరుకు చేరాలి

మదనపల్లెలో పదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. రెండేళ్లుగా ఆమె చేతిలో ఉన్నది లైనక్స్‌తో నడిచే పాత లాప్‌టాప్. అందులో ఏమున్నాయి? టమోటా మార్కెట్టులో రోజూ రాసుకున్న ధరల పట్టిక ఉంది. మిద్దెమీద వర్షమాపకం పెట్టి కొలిచిన రెండేళ్ల వానలెక్క ఉంది. పుంగనూరులో అవ్వ ఇంటికి వెళ్లినప్పుడు తీసిన పొట్టి పుంగనూరు ఆవుల ఫోటోలు ఉన్నాయి. అవ్వ చెబుతూ ఉంటే తెలుగులో టైపు చేసుకున్న పొడుపుకథలు ఒక యాభై దాకా ఉన్నాయి.

ఇప్పుడా అమ్మాయి పై చదువుకు కుప్పం వెళుతోంది. అక్కడ ఆమె వాడబోయే కంప్యూటరులో ఉన్నది విండోస్. పాత లాప్‌టాప్ తమ్ముడికి ఇచ్చెయ్యాలి. వాడు దాన్ని తుడిచి కొత్తగా మొదలుపెడతానంటున్నాడు.

మరి ఆమె కూడబెట్టిన సమాచారంలో ఎంత భాగం కుప్పం చేరుతుంది? ఎంత దారిలో పోతుంది? ఇది చిన్న ప్రశ్న కాదు సుమా! లాప్‌టాప్ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ప్రోగ్రాము పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. కాని నిరుడు కురిసిన వానను ఇవాళ మళ్లీ కొలవగలమా?

రెండు గేజిల కథ

కంప్యూటరును కాసేపు పక్కన పెట్టి రైలు సంగతి చూద్దాం. మదనపల్లె రోడ్డు స్టేషను ధర్మవరం–పాకాల మార్గంలో ఉంది. ఒకప్పుడు అది మీటరు గేజి. అంటే రెండు పట్టాల నడుమ దూరం 1000 మిల్లీమీటర్లు. కుప్పం స్టేషను బెంగళూరు–జోలార్‌పేట మార్గంలో ఉంది. అది బ్రాడ్ గేజి. అక్కడ పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు.

ఆ రోజుల్లో మదనపల్లె రోడ్డులో వేరుశెనగ బస్తాలు ఎక్కించి రైలు మీదనే కుప్పం చేర్చాలంటే, బండి పాకాల మీదుగా కాట్పాడి వెళ్లాలి. మీటరు గేజి వ్యాగను అక్కడ ఆగిపోవలసిందే. బ్రాడ్ గేజి పట్టాల మీద దాని చక్రాలు నిలవవు. అందుకని బస్తాలను దింపి, పక్కనున్న బ్రాడ్ గేజి వ్యాగనులోకి ఎక్కించాలి. తర్వాత మదనపల్లె మార్గాన్ని కూడా బ్రాడ్ గేజిగా మార్చారు కాబట్టి ఈ శ్రమ మీ తరానికి తెలియదు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. కాట్పాడిలో ఆగింది వ్యాగను, బస్తా ఆగలేదు. ఎందుచేత? బస్తా ఏ వ్యాగనులోనైనా పడుతుంది. దానిమీద రాసిన చిరునామాను ఎవరైనా చదవగలరు. బస్తాకు గేజితో పని లేదు.

కంప్యూటరులోనూ సరిగ్గా ఇంతే. లైనక్స్, విండోస్, మ్యాక్ అనేవి పట్టాలు. మనం వాడే ప్రోగ్రాములు వ్యాగన్లు. మనం రాసుకున్నదీ, కొలుచుకున్నదీ, తీసుకున్న ఫోటోలూ సరుకు. పట్టాలు మారినప్పుడు వ్యాగన్లు మారక తప్పదు. సరుకు మాత్రం చేరాలి. అది చేరుతుందా లేదా అన్నది, దాన్ని ఎలాంటి బస్తాలో కట్టామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

పట్టాలు వేసిందెవరు?

కంప్యూటరులో ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, డిస్కు, తెర, కీబోర్డు ఉంటాయి. వీటన్నిటినీ అదుపులో ఉంచి, ఏ ప్రోగ్రాముకు ఏది ఎప్పుడు ఇవ్వాలో పంచిపెట్టే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. తెలుగులో నిర్వహణ వ్యవస్థ అనవచ్చు.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అనే వ్యవస్థను రూపొందించసాగారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్, యూనిక్స్ పద్ధతిలోనే పనిచేస్తూ అందరూ స్వేచ్ఛగా వాడుకోగల, మార్చుకోగల వ్యవస్థను తయారుచేస్తానని ప్రకటించి, దానికి గ్నూ అని పేరుపెట్టాడు. 1991 ఆగస్టులో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కెర్నెల్ సంగతి లోకానికి తెలియజేశాడు. కెర్నెల్ అంటే వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం. అప్పటికి అతని వయస్సు 21 ఏళ్లు. ఆ కెర్నెలే లైనక్స్.

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ వేరే వంశం. నేటి విండోస్ 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టి నుంచి పుట్టింది. ఆపిల్ వారి మ్యాక్ వ్యవస్థ నేడు యూనిక్స్ కుటుంబానికే చెందుతుంది. ఆ లెక్కన లైనక్స్‌కు మ్యాక్ దాయాది, విండోస్ పొరుగింటిది అన్నమాట.

లైనక్స్ అనగానే అది ఎక్కడో కొద్దిమంది వాడేది అనుకోకండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లైనక్స్ కెర్నెలే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 8వ తరగతి విద్యార్థులకు పంచిన ట్యాబులు కూడా ఆండ్రాయిడ్‌వే. అంటే లైనక్స్ పేరు వినని పిల్లల చేతుల్లో కూడా లైనక్స్ ఉంది! 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదనే నడుస్తున్నాయి.

వ్యాగను ఎందుకు కదలదు?

ఇక్కడ మీకొక సందేహం రావాలి. పాత లాప్‌టాప్‌లో ఉన్నదీ ఇంటెల్ తరహా ప్రాసెసరే, కొత్తదానిలో ఉన్నదీ అలాంటిదే. ప్రాసెసరు ఒకటే అయినప్పుడు లైనక్స్ ప్రోగ్రాము విండోస్‌లో ఎందుకు నడవదు?

కూడికలు, తీసివేతలు ప్రోగ్రాము తనంతట తానే ప్రాసెసరుతో చేయించుకోగలదు. కాని ఫైలు తెరవాలన్నా, దానిలో రాయాలన్నా, తెరమీద చూపాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. అడిగే పద్ధతి ఒక్కో వ్యవస్థలో ఒక్కో రకం. 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసరు మీది లైనక్స్‌లో 'చదువు' అనే కోరికకు సంఖ్య 0. 'రాయి' అనేదానికి 1. 'తెరువు' అనేదానికి 2. విండోస్‌లో ఈ సంఖ్యలు వేరు. పైగా ఒక విండోస్‌కూ మరో విండోస్‌కూ మారవచ్చు కూడా. అందుకని అక్కడ ప్రోగ్రాములు నేరుగా సంఖ్యతో అడగవు. వ్యవస్థ ఇచ్చిన గ్రంథాలయం ద్వారా అడుగుతాయి. గ్రంథాలయం అంటే సిద్ధంగా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాముల భాండాగారం.

అంతేకాదు, ప్రోగ్రాము ఫైలును కట్టే తీరు కూడా వేరే. లైనక్స్ ప్రోగ్రాము ఫైలులో మొదటి నాలుగు బైట్లు 127, 69, 76, 70. విండోస్ ప్రోగ్రాము ఫైలులో మొదటి రెండు బైట్లు 77, 90. ఈ 77, 90 అనేవి రెండు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. అవి ఆ అమరికను రూపొందించిన మార్క్ జ్బికోవ్‌స్కీ అనే ఇంజనీరు పేరులోని మొదటి అక్షరాలు! వ్యవస్థ ఈ బైట్లను చూసి, 'ఇది నా గేజి వ్యాగను కాదు' అని పక్కన పెట్టేస్తుంది.

అయినా దిగులు పడనక్కరలేదు. రెండు గేజిలకూ వ్యాగన్లు చేసే కార్ఖానాలు ఉన్నాయి. లిబ్రె ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, బొమ్మలు దిద్దే గింప్, ఆకాశాన్ని చూపించే స్టెల్లేరియం, గణితానికి జియోజీబ్రా. వీటిని తయారుచేసేవారు లైనక్స్‌కూ, విండోస్‌కూ, మ్యాక్‌కూ వేర్వేరుగా సిద్ధం చేసి ఇస్తున్నారు. లైనక్స్‌లో వీటికి అలవాటుపడ్డవారు కొత్త వ్యవస్థలోనూ వీటినే వెతుక్కుంటే సగం పని తీరినట్లే.

అక్షరాల బస్తా

ఇక సరుకు సంగతి. అవ్వ చెప్పిన పొడుపుకథలు తెలుగులో ఉన్నాయి కదా! తెలుగు అక్షరం కంప్యూటరులో ఎలా దాగి ఉంటుంది?

కంప్యూటరుకు తెలిసినవి సంఖ్యలే. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇవ్వాలి. 1990లలో తెలుగు టైపు చేయడానికి ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా సంఖ్యలు ఇచ్చుకుంది. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెట్టేవారు. ఆ కంపెనీ ఫాంటు ఉన్న కంప్యూటరులో అచ్చ తెలుగు కనిపించేది. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుట్టగా మారిపోయేది. అలా టైపుచేసిన పుస్తకాలు, కరపత్రాలు, కవిత్వం ఎన్నో నేటికీ ఆ సంకెళ్లలోనే ఉన్నాయి. వాటిని విడిపించడానికి కొందరు తెలుగువారు ప్రత్యేక ప్రోగ్రాములు రాశారు. తెలుగు వికీపీడియాకు 2003లో అంకురార్పణ చేసిన వెన్న నాగార్జున తయారుచేసిన 'పద్మ' అటువంటిదే.

ఈ చిక్కు తీరడానికి ప్రపంచ భాషలన్నిటికీ కలిపి ఒకే సంఖ్యల పట్టిక వచ్చింది. దాని పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. మనకు కేటాయించిన స్థానాలు 3072 నుంచి 3199 వరకు, మొత్తం 128. ఉదాహరణకు 'కుప్పం' అనే మాట చూడండి. కంటికి రెండే అక్షరాలు. లోపల మాత్రం ఆరు సంకేతాలు:

క – 3093, ఉకారపు కొమ్ము – 3137, ప – 3114, పొల్లు – 3149, ప – 3114, సున్న – 3074.

'ప' కింద 'ప' ఒత్తు చేరడానికి నడుమ పొల్లు గుర్తు పెట్టడం గమనించారా? ఈ సంకేతాలను ఫైలులో దాచే పద్ధతుల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది యూటిఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. కాబట్టి 'కుప్పం' అంటే 6 × 3 = 18 బైట్లు. ఈ 18 బైట్లు లైనక్స్‌లోనూ అవే, విండోస్‌లోనూ అవే, ఫోనులోనూ అవే. గేజితో పనిలేని బస్తా అంటే ఇదే!

'జ్ఞా' తెచ్చిన చిక్కు

సంఖ్యలు ఒకటే అయినా, వాటిని చూసి అక్షరం బొమ్మ గీయడం ఆయా వ్యవస్థ పని. ఆ పనిలో పొరపాటు దొర్లితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఆ సమయంలో ఆపిల్ ఫోన్లలో, మ్యాక్ కంప్యూటర్లలో ఒక తెలుగు అక్షరం కనిపించగానే ఆ ప్రోగ్రాము కుప్పకూలేది. సందేశాల ప్రోగ్రాములోకి ఆ అక్షరం వస్తే, ఆ ప్రోగ్రామును మళ్లీ తెరవడమే కష్టమయ్యేది.

ఏమిటా అక్షరం? మన 'విజ్ఞానం'లో ఉన్న 'జ్ఞా'! అయితే మామూలు 'జ్ఞా' కాదు. జ – 3100, పొల్లు – 3149, ఞ – 3102. ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విభాజక గుర్తు – 8204. చివర దీర్ఘం – 3134. ఈ వరుసలో ఐదు సంకేతాలు వచ్చినప్పుడు బొమ్మ గీసే ప్రోగ్రాము తడబడింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది.

తప్పు అక్షరానిది కాదు, సంకేతాలదీ కాదు. ఆ అక్షరాన్ని గీసే వ్యాగనుది. సరుకు చెక్కుచెదరలేదు కాబట్టి, వ్యాగను బాగుచేయగానే అంతా సర్దుకుంది. కొత్త వ్యవస్థలో మీ తెలుగు వంకరగా కనబడితే వెంటనే ఫైలు పాడయిందని చెరిపేయకండి. మరో ఫాంటు పెట్టి చూడండి, మరో ప్రోగ్రాములో తెరిచి చూడండి. చాలాసార్లు లోపల సరుకు భద్రంగానే ఉంటుంది.

దారిలో మూడు రాళ్లు

మొదటి రాయి: ఫైలు పేరు. లైనక్స్‌లో ఫైలు పేరులో గీటుగుర్తు ఒక్కటి తప్ప దాదాపు ఏమైనా రాయవచ్చు. వానలెక్కకు '10:30 రీడింగు' అని పేరు పెట్టారనుకోండి. లైనక్స్ ఒప్పుకుంటుంది. విండోస్ ఒప్పుకోదు. దానికి ఆ రెండు చుక్కలు, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు వంటి 9 గుర్తులు నిషిద్ధం. అలాంటి ఫైళ్లు కాపీ కాకుండా దారిలోనే నిలిచిపోతాయి. ఇంకో తేడా చూడండి. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఒక పేరు, చిన్నక్షరాలతో అదే పేరు రాస్తే లైనక్స్‌కు అవి రెండు ఫైళ్లు. మామూలుగా విండోస్‌కు అది ఒకటే పేరు. ఒకదాని మీద మరొకటి పడి మొదటిది చెరిగిపోయే ప్రమాదం ఉంది. మన తెలుగులో పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేదు కనుక తెలుగు పేర్లకు ఈ బెడద లేదు!

రెండవ రాయి: వరుస ముగింపు. టైపు మిషను చూశారా? వరుస పూర్తికాగానే లివరు తోస్తే రెండు పనులు జరుగుతాయి. క్యారేజి మొదటికి వస్తుంది; కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది. పాత టెలిప్రింటర్లలో ఈ రెండు పనులకు రెండు వేర్వేరు సంకేతాలుండేవి: 13, 10. విండోస్ ఈనాటికీ ప్రతి వరుస చివరా ఆ రెండూ రాస్తుంది. లైనక్స్ 10 ఒక్కటే రాస్తుంది. అందుకే లైనక్స్‌లో రాసిన పాఠం ఒకప్పుడు విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరుసలన్నీ కలిసి ఒకే పొడవాటి తోకలా కనిపించేది. 2018లో మైక్రోసాఫ్ట్ ఈ లోపాన్ని సరిచేసింది.

మూడవ రాయి: గడియారం. లాప్‌టాప్‌లో చిన్న బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది. లైనక్స్ సాధారణంగా అందులో గ్రీనిచ్‌తో సరిపోయే ప్రపంచ ప్రామాణిక కాలాన్ని ఉంచుతుంది. విండోస్ మన ఊరి కాలాన్నే ఉంచుతుంది. లైనక్స్‌లో ఉదయం 10 గంటలకు మూసిన లాప్‌టాప్‌లో వెంటనే విండోస్ తెరిస్తే గడియారం తెల్లవారుజాము 4:30 చూపవచ్చు. తేడా ఎంత? సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. భూగోళ పాఠంలో చదివిన భారత ప్రామాణిక కాలానికీ గ్రీనిచ్ కాలానికీ ఉన్న తేడా ఇక్కడ కనిపించింది చూశారా! ఇంటర్నెట్టు తగలగానే ఇది సర్దుకుంటుంది. కాని అంతలోపు రాసుకున్న ఫైళ్ల మీద తప్పు వేళ పడుతుంది. పరిశీలన లెక్కలు రాసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఒక్క నొక్కుతో అంతా పోయేచోటు

పై మూడూ చిన్న రాళ్లు. ఇప్పుడు చెప్పబోయేది గొయ్యి.

పెన్‌డ్రైవులో ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. బీరువాలో అరలు, ప్రతి అరలో ఏముందో తెలిపే జాబితా లాంటిది అది. లైనక్స్‌లో ఎక్కువగా వాడేది ఇఎక్స్‌టి4. విండోస్‌కు సొంతమైనది ఎన్‌టిఎఫ్‌ఎస్. లైనక్స్‌కు ఎన్‌టిఎఫ్‌ఎస్ చదవడం వచ్చు. మామూలు విండోస్‌కు ఇఎక్స్‌టి4 చదవడం రాదు.

ఆ అమ్మాయి తన సరుకంతా ఇఎక్స్‌టి4 పెన్‌డ్రైవులోకి ఎక్కించి కుప్పంలో విండోస్ కంప్యూటరుకు తగిలించిందనుకోండి. ఏమవుతుంది? 'నాకు ఈ జాబితా చదవడం రాదు' అని విండోస్ ఒప్పుకోదు. 'ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?' అని అడుగుతుంది. ఫార్మాట్ అంటే పాత జాబితాను చెరిపి, ఖాళీ బీరువాగా మార్చడం. తొందరపడి 'సరే' నొక్కితే రెండేళ్ల వానలెక్క, అవ్వ పొడుపుకథలు అన్నీ ఒక్క క్షణంలో కనుమరుగు!

కాబట్టి ఈ ప్రశ్న కనిపిస్తే ఏమి చేయాలి? 'వద్దు' నొక్కండి. పెన్‌డ్రైవు తీసి, పాత లైనక్స్ కంప్యూటరుకు తగిలించి చూడండి. సరుకు అక్కడే ఉంటుంది.

రెండు వ్యవస్థలూ చదవగల ఫైల్ సిస్టములు ఉన్నాయి. పాత ఫ్యాట్32ను అన్నీ చదువుతాయి. కాని అందులో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించకూడదు. పెద్ద వీడియోలు పట్టవు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు. దాని వివరాలను 2019లో మైక్రోసాఫ్ట్ బహిరంగపరచింది. అదే ఏడాది లైనక్స్ కెర్నెల్‌లోకి అది చేరింది. చూశారా! రహస్యం విప్పగానే రెండు గేజిల మధ్య దారి సుగమమైంది.

పెద్దలు చేసిన ప్రయాణాలు

వ్యవస్థ మారడం ఒక్క విద్యార్థికే కాదు, ప్రభుత్వాలకూ నగరాలకూ ఎదురైన సమస్యే. కుప్పానికి సరిహద్దు అవతలే ఉన్న తమిళనాడు 2011లో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు ఇచ్చినప్పుడు వాటిలో విండోస్‌నూ, భారతదేశంలోనే సిడాక్ సంస్థ తయారుచేసిన బాస్ అనే లైనక్స్‌నూ రెండింటినీ పెట్టింది. కేరళ తన ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు చదువును 2000 దశకంలోనే లైనక్స్ మీదికి మార్చుకుంది.

జర్మనీలోని మ్యూనిక్ నగరం కథ మరీ ఆసక్తికరం. నగర కార్యాలయాల కంప్యూటర్లను విండోస్ నుంచి లైనక్స్‌కు మార్చాలని 2003లో నిర్ణయించారు. 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు మారాయి. 2017లో నగరసభ మళ్లీ విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది! లైనక్స్‌కు మారడానికి అన్నేళ్లు పట్టడానికి ఒక కారణం, ఒకే వ్యవస్థకు అతుక్కుపోయిన ఫారాలు, నమూనా పత్రాలు, ప్రత్యేక ప్రోగ్రాములు. సరుకును వ్యాగనుకే మేకులు కొట్టి బిగిస్తే దింపడం కష్టం కదా!

విండోస్ వాడేవారికీ ఇలాంటి ఘడియ వచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలున్నవారిలో కొందరు ఇటునుంచి లైనక్స్ వైపు ప్రయాణం కట్టారు. కాబట్టి ఏది గొప్ప, ఏది తక్కువ అన్న వాదులాట మనకు వద్దు. ఎటు వెళ్లినా సరుకు వెంట రావాలి. అదీ ముఖ్యం.

బయలుదేరే ముందు

వ్యవస్థ మార్చబోయేవారు ఈ ఆరు పనులు వరుసగా చేయండి.

1. మీ దగ్గర ఏమేమి ఉన్నాయో కాగితం మీద జాబితా రాయండి. ఏ అరలో ఎన్ని ఫైళ్లున్నాయో సంఖ్య కూడా వేయండి. లైనక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేర్లున్న అరలు కంటికి కనబడవు. బ్రౌజరులో దాచుకున్న చిరునామాలు సాధారణంగా అలాంటి అరల్లోనే ఉంటాయి. వాటిని బ్రౌజరులోంచే విడిగా బయటికి తీసి భద్రపరచండి.

2. సరుకును బహిరంగ ప్రమాణాలున్న బస్తాల్లోకి మార్చండి. రాతకు సాదా పాఠం, యూటిఎఫ్-8లో. పత్రాలకు ఓడిఎఫ్. అది 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. పట్టికలకు ఓడిఎఫ్‌తోపాటు, కామాలతో విడదీసే సిఎస్‌వి కూడా తీసిపెట్టండి. పేజీ రూపం మారకూడదంటే పిడిఎఫ్ ప్రతి కూడా చేయండి. అందులో ఫాంటును కూడా ఇమిడ్చి పంపవచ్చు.

3. ఫైలు పేర్లలోని నిషిద్ధ గుర్తులను తొలగించండి. '10:30' బదులు '10-30' అని రాస్తే చాలు.

4. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవులోకి ఒక ప్రతి, వేరే డిస్కులోకి మరో ప్రతి తీయండి. ఒకే పెన్‌డ్రైవులో రెండు ప్రతులు పెట్టుకుంటే అవి రెండు కాదు, ఒకటే!

5. కొత్త కంప్యూటరులో ఫైళ్లను తెరిచి చూడండి. కాపీ అయిందని నమ్మడం వేరు, తెరిచి చదవడం వేరు. జాబితాలోని సంఖ్యతో సరిపోల్చండి.

6. కనీసం ఒక నెల పాత లాప్‌టాప్‌ను తుడవకండి. మరిచిపోయినదేదో ఆ నెలలో గుర్తుకొస్తుంది.

వేళ్ల అలవాటు కూడా ఒక సరుకే. తెలుగు టైపుకు భారత ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక లైనక్స్‌లోనూ, విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ ఉంది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వచ్చేలా దాన్ని కూర్చారు. అది నేర్చుకున్నవారికి యంత్రం మారినా వేళ్లు తడబడవు.

చేసి చూడండి

మీ పాఠశాలలోని ఏ కంప్యూటరులోనైనా సాదా పాఠం ఫైలు ఒకటి తెరిచి 'కుప్పం' అని మాత్రం టైపు చేసి, యూటిఎఫ్-8లో దాచండి. ఫైలు పరిమాణం ఎన్ని బైట్లో చూడండి. 18 వచ్చిందా? తర్వాత ఆ మాట చివర ఒకసారి ఎంటరు నొక్కి మళ్లీ దాచండి. లైనక్స్‌లో 19, విండోస్‌లో 20 రావాలి. ఎందుకో మీకు తెలుసు. లైనక్స్‌లోని కొన్ని ఎడిటర్లు మీరు నొక్కకపోయినా చివర ఆ ఒక్క బైటును తామే చేరుస్తాయి. మొదటిసారే 19 వస్తే ఆశ్చర్యపడకండి.

ఇప్పుడు 'పుంగనూరు' అనే మాటకు ఎన్ని సంకేతాలు, ఎన్ని బైట్లు పడతాయో ముందు కాగితం మీద లెక్క వేయండి. ఆ తర్వాత కంప్యూటరులో టైపు చేసి సరిచూసుకోండి. 'మదనపల్లె'కు కూడా అలాగే చేయండి. మీ లెక్కా, కంప్యూటరు లెక్కా ఒకటైతే మీ చేతిలోని బస్తాను ఎలా కట్టారో మీకు అర్థమైనట్లే. ఇక ఏ గేజి బండి ఎక్కినా భయం లేదు.